ఇష్తిహారు వేరు, ఖబరు వేరు



ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంత పరిశ్రమల చరిత్ర రాయవలసిందిగా సంపాదక వర్గం వారు కోరారు. ఏ ఫ్యాక్టరీ ఎప్పుడు వచ్చింది, ఎన్ని ఎకరాలు తీసుకుంది అనే లెక్కలు ప్రభుత్వ పుస్తకాల్లో దొరుకుతాయి. వాటిని తిరగరాయడం వల్ల చదివేవారికి ఒరిగేది తక్కువ. అందుచేత నేను వేరొక దారిన వెళ్తున్నాను. సంగారెడ్డి నుంచి రామచంద్రాపురం దాకా రోడ్డు పొడుగునా ఉన్న కంపెనీల సరుకులకు పేరు ఎలా వచ్చింది, ఆ సరుకులు తయారైన ఊళ్లకు పేరు ఎలా వచ్చింది అన్నది నా విషయం. ఈ రెండు పేర్లూ ఒకే దారిన రాలేదు. ఒకటి డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటనల వల్ల వచ్చింది. రెండవది నలుగురూ చెప్పుకోవడం వల్ల వచ్చింది. ఈ తేడా సరిగా తెలియక రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము పోగొట్టుకున్నవారు మనలో ఉన్నారు గనుక ఇది ఒట్టి చరిత్ర కాదు, మన ఇంటి విషయం కూడా.

మాటల్లోనే ఉన్న చిక్కు

తెలుగులో ఈ తేడా పట్టుకోవడం కొంచెం కష్టం. మంత్రిగారు సభలో చెప్పినదీ ప్రకటనే, సబ్బుల కంపెనీ పేపర్లో వేయించినదీ ప్రకటనే. ఎన్నికల్లో మైకు పెట్టి తిరిగేదీ ప్రచారమే, ఊళ్లో పుట్టిన పుకారూ ప్రచారమే. సినిమా వాళ్లయితే గోడ మీది పోస్టరు, రిక్షాలో మైకు, సంతలో పంచే కరపత్రం అన్నింటినీ కలిపి ‘పబ్లిసిటీ’ అన్నారు. అవన్నీ డబ్బిచ్చి చేయించినవే కాబట్టి లెక్క ప్రకారం అవి అడ్వర్టయిజ్‌మెంట్లు. మొదటి ఆట చూసి బయటికి వచ్చినవాడు టీ కొట్టు దగ్గర చెప్పే మాట ఉందే, దానిని మనం ‘టాక్’ అంటాం, అసలు పబ్లిసిటీ అది. 1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ విడుదలైనప్పుడు మొదట హాళ్లు నిండలేదు. పేరున్న హీరో లేడు. చూసినవారు చూడనివారికి చెప్పగా చెప్పగా హాళ్లు నిండాయి, జనం మళ్లీ మళ్లీ చూశారు. అలా చెప్పినవారిలో ఒక్కరికీ నిర్మాత పైసా ఇవ్వలేదు.

నేను సంగారెడ్డిలో ప్రభుత్వ గుమాస్తాగా చేరిన కొత్తలో మా సెక్షన్ నుంచి రెండు రకాల కాగితాలు పత్రికలకు వెళ్లేవి. ఒకటి వేలం నోటీసు, టెండరు నోటీసు. రెండవది ప్రెస్ నోటు. రెండూ పేపర్లో పడవలసినవే, రెంటికీ డ్రాఫ్టు రాసేది నేనే. ఈ రెంటికీ వేర్వేరు ఫైళ్లు ఎందుకని మా సూపరింటెండెంటు గారిని అడిగాను. ఆయన నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్న పెద్దమనిషి. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి ఇలా చెప్పారు:

“చూడు బాబూ, మనం పైసలిచ్చి ఏయిస్తే అది ఇష్తిహార్. మనం పైస ఇయ్యకున్నా నలుగురు చెప్పుకుంటే అది ఖబర్. ఇష్తిహార్‌కు బిల్లుంటది, రసీదుంటది. ఖబర్‌కు అవేం ఉండయి. ఇష్తిహార్‌తోని ఎరుకైతవు, గంతే. మంచి ఖబరైతే మషూర్ అయితవు, చెడ్డదైతే బద్నాం అయితవు.”

“మరి ప్రెస్ నోటు ఎందులోకొస్తది సార్?” అన్నాను.

“అది అర్జీ. మన ముచ్చట ఖబర్ల ఎక్కించమని పేపరోళ్లకు పెట్టుకునే అర్జీ. మంజూరు చేసుడు, చెయ్యకపోవుడు వాళ్ల ఇష్టం” అన్నారు.

తరువాత ఎంత చదివినా ఇంతకంటె తేటగా చెప్పినవారు నాకు కనబడలేదు. ఎం.బి.ఏ. చదివే మా మనుమరాలి పుస్తకం తిరగేశాను. అందులో ఉన్నదీ ఇదే. తన పేరు బయటపెట్టి, డబ్బు చెల్లించి, తన మాటలను తను కోరిన చోట, కోరిన రోజున, కోరినన్ని సార్లు వేయించుకునేది అడ్వర్టయిజ్‌మెంటు. ఇతరులు తమంత తాముగా మన గురించి చెప్పేది పబ్లిసిటీ. మొదటిదానిలో పెత్తనం మనది, నమ్మకం తక్కువ. రెండవదానిలో నమ్మకం ఎక్కువ, పెత్తనం మనది కాదు. వేలం నోటీసు పంపితే కాలమ్ సెంటీమీటర్ల లెక్కన బిల్లు వచ్చేది, కామా కూడా మార్చకుండా అచ్చయ్యేది. ప్రెస్ నోటు పంపితే బిల్లు రాదు. కాని రెండు పేజీల నోటు నాలుగు వాక్యాలైనా కావచ్చు, అసలు పడకనూ పోవచ్చు, పడినా మనం దాచిన సంగతే శీర్షిక కావచ్చు.

తెలుగువాడి పాత అనుభవం

మన దేశంలో మొదటి పత్రికగా చెప్పుకునే హిక్కీ దొర బెంగాల్ గెజిట్ 1780 జనవరి 29న కలకత్తాలో వెలువడింది. ‘కలకత్తా జనరల్ అడ్వర్టయిజర్’ అన్నది దాని పేరులోనే భాగం. అంటే వార్తా ప్రకటనా పుట్టుకతోనే ఒక ఇంట్లో కాపురం పెట్టాయి.

ఆ రెంటినీ బాగా ఎరిగిన తెలుగువాడు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసులో దానిని దినపత్రిక చేశారు. సంగీత సభల్లో అమృతాంజనం ఉచితంగా పంచేవారని చెబుతారు. ఆ పంచడం ఆయన ఖర్చు, అది అడ్వర్టయిజ్‌మెంటు కిందికే వస్తుంది. కాని సభ నుంచి ఇంటికి వెళ్లిన పెద్దమనిషి పక్కింటివారితో “తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందండీ” అంటే ఆ మాట పంతులు గారు కొన్నది కాదు. అమృతాంజనం మీద వచ్చిన ఆదాయమే పత్రికకు వెన్నుదన్ను. సరుకు మంచిదైతే ప్రకటన దానిని మనిషి చేతిదాకా తెస్తుందని, అక్కడి నుంచి నడిపేది మనిషి నోరేనని ఆయన జీవితం చెబుతుంది.

మన రోడ్డు మీది సరుకులు

ఇక మన ప్రాంతానికి వద్దాం. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది. 1973లో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏర్పడిన తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం వరుసగా పారిశ్రామిక వాడలయ్యాయి. అప్పటి మెదక్ జిల్లా వెనుకబడిన జిల్లా కాబట్టి రాయితీలు ఉండేవి, హైదరాబాదు పక్కనే ఉంది, బొంబాయి రోడ్డు ముందరే ఉంది. కంపెనీలు రావడానికి ఇంతకంటె ఏం కావాలి?

ఈ కంపెనీలను ప్రకటనల దృష్టితో చూస్తే రెండు తరగతులు. ఇంటింటికీ అమ్ముకునేవి ఒక తరగతి. పటాన్‌చెరులో ఏషియన్ పెయింట్స్ ఫ్యాక్టరీ ఉంది. ఆ కంపెనీ డబ్బా మీద నుదుటి మీదికి జుట్టు జారి, చేత కుంచె పట్టుకున్న అల్లరి పిల్లవాడి బొమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. దానిని 1954లో ప్రసిద్ధ వ్యంగ్య చిత్రకారుడు ఆర్.కె. లక్ష్మణ్ గీశారు. పేరు పెట్టమని ప్రజలకే పోటీ పెడితే ‘గట్టు’ అన్న పేరు వచ్చింది. మనకు గట్టు అంటే పొలం గట్టే. అయినా ఆ పిల్లవాడు దేశమంతా తిరిగాడు. సదాశివపేట దగ్గర ఎం.ఆర్.ఎఫ్. టైర్ల ఫ్యాక్టరీ ఉంది. 1946లో మద్రాసులో మామ్మెన్ మాప్పిళ్లై గారు పిల్లలాడుకునే బెలూన్ల తయారీతో మొదలుపెట్టిన కంపెనీ అది. టైరును తలమీదికెత్తిన కండల మనిషి బొమ్మ 1964 నుంచి ఉంది. సచిన్ టెండూల్కర్ బ్యాటు మీద ఆ మూడక్షరాలు కనిపించినప్పుడు, అది టైర్ల కంపెనీ పేరని తెలియని పిల్లలు బ్యాట్ల కంపెనీ అనుకున్నారు. బ్యాటు మీది అక్షరాలకు డబ్బిచ్చారు, అది ప్రకటన. ఆ బ్యాటుతో సెంచరీ కొడితే మరునాడు అన్ని పత్రికల మొదటి పేజీలో పడిన ఫొటో ప్రచారం. సరిహద్దు ఎంత సన్ననిదో చూడండి.

రెండవ తరగతి కంపెనీలకు ఇంటింటికీ తెలియవలసిన పనిలేదు. టర్బైను కొనేది విద్యుత్ బోర్డు, దానికి టెండరు చాలు. బాలానగర్‌లోని ఐ.డి.పి.ఎల్. నేర్పిన విద్యతో మన దగ్గర లేచిన మందుల పరిశ్రమ ఎక్కువగా తయారుచేసేది మాత్రలోకి వెళ్లే ముడి మందు. దానిని కొనేది మరో కంపెనీ. పైగా డాక్టరు చీటీ మీద ఇచ్చే మందులను మామూలు జనానికి ప్రకటనలతో అమ్మకూడదు. కొన్ని జబ్బులు నయం చేస్తామంటూ వేసే మాయమందుల ప్రకటనలను 1954లోనే చట్టం చేసి నిషేధించారు. అందుచేత మన వాడ మందులు సముద్రాలు దాటి వెళ్లినా, ఏ గోడ మీదా వాటి బొమ్మ లేదు.

ఈ రెండు తరగతులకూ ఒక పోలిక ఉంది. రంగుల ప్రకటనలో గాని, టైరు ప్రకటనలో గాని ‘పటాన్‌చెరు’, ‘సదాశివపేట’ అన్న మాట నాకెన్నడూ కనిపించలేదు. ఆ ప్రకటనలు బొంబాయిలోనో మద్రాసులోనో తయారయ్యేవి. కొనేవాడికి గోడ మెరిస్తే చాలు, ఆ రంగు ఏ ఊళ్లో కలిపారో అక్కరలేదు. అది తప్పని నేననడం లేదు. డబ్బిచ్చేవాడు తనకు కావలసిన మాటే వేయించుకుంటాడు. ఊరి పేరు డబ్బా అడుగున చిన్న అక్షరాల చిరునామాలోనే మిగిలింది.

ఊరికి పేరు వచ్చిన తీరు

మరి ఊళ్లకు పేరు ఎలా వచ్చింది? ఒక్క కాలమ్ సెంటీమీటరుకు డబ్బు కట్టకుండా వచ్చింది.

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ నెలకొన్నది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి మెట్ట పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ అది. లక్షకు పైగా విత్తన నమూనాలు అక్కడ భద్రపరచబడి ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్త వ్యాసం ఏ దేశపు పత్రికలో అచ్చయినా పేరు కింద చిరునామాగా పటాన్‌చెరు అని ఉంటుంది. హైదరాబాదు ఎక్కడుందో తెలియని ఆఫ్రికా వ్యవసాయాధికారికి పటాన్‌చెరు తెలుసు. 2021లో ఆ సంస్థకు ఆఫ్రికా ఆహార బహుమతి వచ్చింది. 2022 ఫిబ్రవరి 5న స్వర్ణోత్సవాలకు ప్రధానమంత్రి వచ్చారు. మా సూపరింటెండెంటు గారి మాటల్లో ఇది మషూర్ కావడం.

1980లో ఇందిరాగాంధీ గారు మెదక్ నుంచి, రాయ్‌బరేలీ నుంచి పోటీచేసి రెండు చోట్లా గెలిచి, మెదక్‌ను ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 31న ఆమె మరణించేదాకా ప్రపంచ పత్రికలు మన జిల్లా పేరును ఆమె పేరు పక్కన రాశాయి. ఆ రోజులలోనే ఎద్దుమైలారంలో ఆయుధాల కర్మాగారం వచ్చింది. అది ఉన్నది ఎద్దుమైలారంలో, జనం పిలిచేది మెదక్ ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ అని. పేరు ఒకసారి నాలుకల మీదికెక్కితే అంతే.

వాగు చెప్పిన ఖబరు

బద్నాం కూడా ఆ దారినే వచ్చింది. ఫ్యాక్టరీల నుంచి వదిలిన మురికినీరు వాగులు, చెరువుల పాలైంది. నక్కవాగు పారేది మంజీరలోకి. పోచారం, బాచుగూడెం, ఇస్మాయిల్‌ఖాన్‌పేట, ఆరుట్ల వంటి ఊళ్ల రైతులకు ఆ వాగే ఆధారం. నీటి రంగు మారింది, బావులు చెడ్డాయి, పంటలు దెబ్బతిన్నాయి, పశువులు నష్టపోయాయి. బాధితుల దగ్గర ప్రకటన వేయించుకునే పైసలెక్కడివి? వారి దగ్గర ఉన్నది వాగులో నీళ్లు, చెప్పుకునే నోరు, అంతే.

వారికి తోడు నిలిచినవారిలో పటాన్‌చెరు డాక్టరు ఎ. కిషన్‌రావు గారిని తప్పక చెప్పుకోవాలి. తన దగ్గరికి వచ్చే రోగులను చూసి, ఆ జబ్బుల మూలం ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లి, ఏళ్ల తరబడి అధికారుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగారు. 1989 జనవరి 26న ఈనాడు జిల్లాలవారీ అనుబంధాలను మొదలుపెట్టింది. ఇతర పత్రికలూ ఆ బాట పట్టాయి. అంతవరకు హైదరాబాదు, ఢిల్లీ వార్తల నడుమ మన ఊరి సంగతికి చోటుండేది కాదు. జిల్లా పేజీలు వచ్చాక మండలానికొక విలేఖరి వచ్చాడు. సంగారెడ్డి బట్టల కొట్టు ప్రకటన, వర్ధంతి ఫొటో, ఊరి బావి సంగతి ఒకే పేజీలో పక్కపక్కన పడసాగాయి. ఊరి మాట కాగితం మీదికెక్కే దారి దొరికింది.

1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ పటాన్‌చెరు కాలుష్యం మీద సుప్రీంకోర్టులో పిటిషన్ వేసింది. దాని మీద కోర్టు విచారణలు జరిపించింది. సంగారెడ్డిలోని జిల్లా జడ్జి గారి నివేదికలు వెళ్లాయి. రైతులకు పరిహారం, గ్రామాలకు తాగునీరు ఇవ్వాలని ఆదేశాలు వచ్చాయి. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి మురుగు శుద్ధి కేంద్రం పనిలోకి వచ్చింది. తరువాతి కాలంలో అక్కడి నీటిని అంబర్‌పేట వైపు తీసుకుపోవడానికి 18 కిలోమీటర్ల పైపులైను వేశారు. 2017లో కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. అంటే 27 ఏళ్ల తరువాత కూడా ఫైలు మూయలేదన్నమాట.

అంతటితో ఆగలేదు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురికినీరు చేరే ఆ శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని అందులో తేలింది. 2009 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆ సంగతిని ప్రపంచమంతా చేర్చింది. ఒక్క రోజులో వాగు పాలవుతున్న ఆ ఒక్క మందు 90,000 మంది ఉన్న పట్టణానికి వైద్యం చేయడానికి సరిపోతుందని ఆ కథనం లెక్క చెప్పింది. అదే ఏడాది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు–బొల్లారాన్ని చేర్చింది. రంగు డబ్బా మీద చిన్న అక్షరాల్లో దాగిన ఊరి పేరు, స్వీడన్, అమెరికా పత్రికల్లో పెద్ద అక్షరాల్లో పడింది.

ఇక్కడ ఒక మాట గమనించగలరు. జూన్ 5 పర్యావరణ దినం నాడు పేపరు తెరిస్తే చెట్ల బొమ్మలతో, పచ్చటి ఆకులతో ఎన్నో కంపెనీల ప్రకటనలుంటాయి. ఆ ప్రకటనల వల్ల ఏ బావి నీళ్లూ తేటపడినట్టు నేను వినలేదు. పైపులైను వచ్చినా, పరిహారం వచ్చినా, మంచినీళ్ల ట్యాంకరు వచ్చినా వాటి వెనుక ఉన్నది రైతుల ఫిర్యాదు, డాక్టరు సాక్ష్యం, శాస్త్రవేత్త కొలత, విలేఖరి వార్త. ఎవరూ డబ్బిచ్చి కొనలేని మాటలకే అంత బలం ఉంటుంది. కొందరు స్థానికులు “ఊరు బద్నాం అయితే భూముల ధర పడిపోదా?” అని నసిగేవారు. వారి బాధ వారిది. కాని చెడిన నీళ్లకు మూత పెట్టినంత మాత్రాన అవి మంచినీళ్లు కావు గదా.

చెడు ఖబరు వచ్చినప్పుడు ఏం చేయాలి?

1906 అక్టోబరు 28న అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు పెట్టెలు వంతెన మీది నుంచి నీళ్లలో పడి 50 మందికి పైగా చనిపోయారు. అంతకు ముందు రైలు కంపెనీలు ప్రమాదం జరిగితే విలేఖరులను దగ్గరికి రానిచ్చేవి కావు. ఈసారి పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ సలహాదారు ఐవీ లీ వేరే పని చేశాడు. జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి పత్రికలకు పంచాడు, విలేఖరులను ప్రమాద స్థలానికి తీసుకువెళ్లాడు. మన ప్రెస్ నోటుకు మూలపురుషుడు ఆ కాగితమే అంటారు. ఖబరును కొనలేము గాని, నిజం ముందుగా మనమే చెబితే దాని చేత న్యాయంగా మాట్లాడించవచ్చునన్నది అందులోని కిటుకు.

మన దగ్గర 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఇండస్ట్రీస్ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో పొరుగు రాష్ట్రాల నుంచి పొట్టకూటికి వచ్చినవారు ఎందరో. మందుల మాత్రల్లో కలిపే పొడి తయారుచేసే కంపెనీ అది. అంతకు ముందు రోజు వరకు ఆ పేరు మనలో ఎందరికి తెలుసు? మరునాడు దేశమంతటికీ తెలిసింది. ఆ రోజుల్లో ఆసుపత్రి గేటు దగ్గర ఫొటోలు పట్టుకుని నిలబడిన కుటుంబాలకు కావలసింది ఒక్కటే, తమవాడు ఏమయ్యాడన్న నిజమైన మాట. అటువంటి వేళ ఏ ప్రకటనా పనికిరాదు. నిజం చెప్పే మనిషి కావాలి.

ఖబరు వేషం వేసిన ఇష్తిహారు

ఇంతవరకు చదివి “అయితే ప్రకటనలు నమ్మవద్దు, వార్తలు నమ్ముదాం” అనుకుంటే అదీ పూర్తిగా సరి కాదు. నమ్మకం వార్తకు ఎక్కువ గనుక, వార్త వేషం కట్టడానికి ప్రకటన ఎప్పుడూ కాచుకుని ఉంటుంది. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల నుంచి డబ్బు తీసుకుని వారి పొగడ్తలను వార్తలుగా వేసిన వ్యవహారం ఆంధ్రప్రదేశ్‌తో సహా పలుచోట్ల బయటపడింది. దానికి ‘పెయిడ్ న్యూస్’ అన్న పేరు వచ్చింది. భారత ప్రెస్ కౌన్సిల్ పరంజయ్ గుహ ఠాకుర్తా, మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి గార్లతో ఉపసంఘం వేసింది. వారి పూర్తి నివేదికను 2010లో కౌన్సిల్ బయటపెట్టలేదు, కుదించినదే ఇచ్చింది. సమాచార కమిషన్ దాకా వెళ్లిన తరువాత, 2011లో గాని పూర్తి పాఠం జనానికి అందలేదు.

డబ్బు చేతులు మారకపోయినా ప్రచారం మోసపోవచ్చు. సత్యం కంప్యూటర్స్ సంగతి మన కళ్ల ముందరిదే. 2008లో ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ బహుమతి వచ్చింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు గారే లెక్కలు బూటకమని ఉత్తరం రాశారు. బహుమతిని వెనక్కి తీసుకున్నారు గాని, ఆ బహుమతి వార్త చదివి షేర్లు కొన్నవారి సొమ్మును వెనక్కి ఇచ్చేవారెవరు? మంచి ఖబరు కూడా ఒక సాక్ష్యం మాత్రమే, తీర్పు కాదు.

మన సొమ్ము సంగతి

ఇక అసలు విషయం. 1990లలో నాకు తెలిసిన ఒక మిత్రుడు రిటైరయ్యాడు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము చేతికొచ్చిన నెలలోనే పేపర్లో ఒక ఫైనాన్స్ కంపెనీ పూర్తి పేజీ ప్రకటన చూశాడు. బ్యాంకు కంటె చాలా ఎక్కువ వడ్డీ. “ఇంత పెద్ద పేపర్ల ఏసిండ్రంటే నమ్మకం లేకుంటనే ఏస్తరా అన్నా?” అని నన్ను అడిగాడు. ఆ కంపెనీ ఆఫీసుకు తాళం పడిన తరువాత కూతురి పెళ్లికి ప్లాటు అమ్ముకున్నాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. అటువంటివి అప్పట్లో చాలా ఉండేవి. ఆ మిత్రుడి ఆలోచనలో ఉన్న పొరపాటు ఒక్కటే. పేపరు వేసిందనుకున్నాడు. పేపరు వేయలేదు, కంపెనీ వేయించుకున్నది. పేపరు తన చోటును అద్దెకిచ్చింది, తన మాటను కాదు.

1997 చట్ట సవరణ తరువాత ఇటువంటి ఫైనాన్స్ కంపెనీలు రిజర్వు బ్యాంకు వద్ద నమోదు కావడం తప్పనిసరి అయింది. 2016లో రిజర్వు బ్యాంకు ‘సచేత్’ అనే ఏర్పాటు పెట్టింది. డిపాజిట్లు తీసుకునే సంస్థకు అనుమతి ఉందో లేదో అక్కడ చూసుకోవచ్చు, ఫిర్యాదూ ఇవ్వవచ్చు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను 2019 చట్టం నిషేధించింది, వాటికి ప్రకటన ఇవ్వడం కూడా ఆ చట్టం కింద నేరమే. 2020 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఆ ప్రకటనలో కనిపించి సిఫారసు చేసిన ప్రముఖులకూ బాధ్యత ఉంది. చట్టాలు ఉన్నాయి. అయితే చట్టం వచ్చేది సొమ్ము పోయిన తరువాత. ముందుగా రావలసింది మన తెలివి.

కావున మిత్రులకు, మిత్రుల ఇళ్లలో పేపరు కంటె సెల్‌ఫోను ఎక్కువ చూసే పిల్లలకు నా మనవి. ఏదైనా చదివినప్పుడు, చూసినప్పుడు, ఎవరైనా పంపినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, దీనికి బిల్లు ఎవరు కట్టారు? కట్టినవాడి పేరు కనిపిస్తే అది ప్రకటన. అతను తన మంచే చెబుతాడని తెలుసుకుని చదవండి. 

రెండు, పేరు కనిపించకపోతే, ఈ మాట వల్ల లాభపడేది ఎవరు? సెల్‌ఫోనులో వచ్చే ‘పింఛను పెరిగింది, ఈ లింకు నొక్కండి’, ‘లైఫ్ సర్టిఫికెట్ ఇక్కడే ఇవ్వండి’ వంటి వాటికి ఈ ప్రశ్న తప్పనిసరి. 

మూడు, ఇదే మాటను సంబంధం లేని మరొకరు కూడా చెబుతున్నారా? వాగు సంగతి రైతు చెప్పాడు, డాక్టరు చెప్పాడు, దూరదేశపు శాస్త్రవేత్త చెప్పాడు, కోర్టూ పట్టించుకుంది. అందుకే అది నిలిచింది. ఒక్కడే పదిసార్లు చెబితే ప్రకటన, పదిమంది ఒక్కొక్కసారి చెబితే ఖబరు.

ప్రకటన చెడ్డది కాదు. మా సెక్షన్ నుంచి వెళ్లిన వేలం నోటీసు వల్లనే పది ఊళ్లవారు వచ్చి పాట పాడేవారు, ప్రభుత్వానికి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చేవి. చెప్పవలసిన మాటను ఖర్చు పెట్టి, పేరు పెట్టి, బహిరంగంగా చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. వేషం మార్చినప్పుడే జాగ్రత్త పడాలి.

2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా మూడుగా విడిపోయి సంగారెడ్డి సొంత పేరుతో జిల్లా అయింది. ఆ పేరును రేపు నలుగురూ ఏమని చెప్పుకుంటారన్నది ఏ హోర్డింగూ నిర్ణయించలేదు. నక్కవాగులో నీళ్లు ఎలా ఉన్నాయి, పాశమైలారంలో కార్మికుడు పనికి వెళ్లి క్షేమంగా ఇల్లు చేరుతున్నాడా అన్న రెండు విషయాలే నిర్ణయిస్తాయి. మీ మనుమలలో ఎవరైనా పరిశ్రమలలోనో, పత్రికలలోనో పనిచేస్తుంటే ఈ మాట వారికి చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాను.

సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కలగాలని, డి.ఏ. బకాయిలు సకాలంలో అందాలని ఆకాంక్షిస్తూ సెలవు.